ఫిబ్రవరి ముప్పై

ప్రవళికకు కోపం వస్తే అరవదు. కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంటుంది. కరీంనగర్‌లో ఒక గ్రానైట్ షాపు పైన, కింద రాయి కోసే మిషన్ మోతలో బతుకుతున్న తొమ్మిది మంది సాఫ్ట్‌వేర్ వాళ్లం మేము. ఆ మోతలో కూడా ఆమె కుర్చీ కాళ్లు గచ్చు మీద గీసుకున్న చప్పుడు మా అందరికీ వినిపిస్తుంది. వినిపించిందంటే ఆ రోజు ఎవరికో మూడిందన్నమాటే. నా పేరు కోమల. ఆమె పక్క టేబుల్ నాది. ఆమె రాసిన దాంట్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఆరేళ్లుగా వెతుకుతున్నాను. దొరికిన తప్పులు తక్కువ, నేను పడ్డ మాటలు ఎక్కువ.

ఆమెది ఆదిలాబాద్. తల్లి సారక్క, ప్రవళిక పిలుపులో అవ్వ, ఇరవై ఏళ్లకు పైగా జిన్నింగ్ మిల్లులో పత్తి ఎత్తింది. సీజన్‌లో కనురెప్పల మీద కూడా దూది పేరుకునేదట. ఇప్పుడు నాలుగు మెట్లు ఎక్కితే రెండుసార్లు ఆగుతుంది. ఆ దమ్ము జబ్బు మిల్లు దుమ్ము వల్లే వచ్చిందని, కార్మికులకు పరిహారం ఇచ్చే బోర్డు ఒప్పుకోవాలంటే పాత ఊపిరి పరీక్షలు ఏడాది తప్పకుండా వరుసగా చూపించాలి. ఆ పరీక్షలు చేసింది మిల్లు కార్మికుల కోసం ఒక ట్రస్టు నడిపే ఆసుపత్రి. ఏటా సీజన్ అయిపోగానే ఒక్కొక్కరి చేత గొట్టంలోకి ఊదించి, వచ్చిన అంకెను కంప్యూటర్‌లో పెట్టేవాళ్లు. కాగితాలు చెదలు తిన్నాయి. మిగిలింది ఆ కంప్యూటరే.

ఆ ఆసుపత్రికి కొత్త సాఫ్ట్‌వేర్ చేసే పని నిరుడు మా ఆఫీసుకే వచ్చింది. అక్కడున్న పాత డేటాబేస్‌ను తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మా బాస్ విజయేందర్ మంచివాడే, కానీ ఎదురుగా కష్టం కనబడితే పక్క సందులోంచి పోయే రకం.

"పాతది ఒదిలేద్దాం. గా డేటాబేస్‌తోని మాట్లాడే డ్రైవరే లేదు లోకంల. కొత్తగ సురువు చేసుకుందాం," అన్నాడు.

కుర్చీ గీసుకుంది.

"డ్రైవర్ లేకుంటే రాద్దాం సార్."

"ఎవలు రాస్తరు?"

"నేనే రాస్త. మా అవ్వ దమ్మంత అండ్లనే ఉన్నది."

ఇక్కడ కొంచెం చెప్పాలి. మేం రోజూ వాడేది ఓఆర్ఎం అనే లైబ్రరీ. దాని పుణ్యమా అని డేటాబేస్ భాష మేం రాయనక్కర్లేదు. "ఈ మనిషి పరీక్షలన్నీ ఇవ్వు" అని మా ప్రోగ్రామ్ భాషలో అడిగితే చాలు, వచ్చిన జవాబును మాకు అర్థమయ్యేలా ముందు పెడుతుంది. అయితే ఒక్కో రకం డేటాబేస్‌కు ఒక్కో డ్రైవర్ కావాలి. ఆదిలాబాద్ పత్తి మార్కెట్‌లో మరాఠీ తప్ప రాని సేటుకూ తెలుగు తప్ప రాని రైతుకూ నడుమ నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పే మనిషి ఉంటాడే, అదే డ్రైవర్ అంటే. ఆ మనిషి రాకపోతే బండి నిండా పత్తి ఉన్నా బేరం కుదరదు.

ఆ లైబ్రరీని చూసుకునేవాళ్లకు ప్రవళిక తన పని గురించి రాసింది. "ఆ డేటాబేస్ ఎప్పుడో చచ్చిపోయింది, ఇప్పుడెవరూ వాడటం లేదు" అని ఏ దేశం నుంచో ఒక పెద్దమనిషి జవాబిచ్చాడు. ఆమె ఒక్క ముక్కే తిరిగి రాసింది. "ఆదిలాబాద్‌లో వాడుతున్నారు." అది చదివి నాకు ఈల వేయాలనిపించింది.

ముందు ఆదిలాబాద్ పోయి, ఆసుపత్రి మూల గదిలో ఇంకా నడుస్తున్న ఆ పాత కంప్యూటర్ పక్కన వారం కూర్చుంది. దాని స్క్రీన్ మీద ఒక్కో మనిషి వివరం అడుగుతూ, వైరులో ఏ అంకెలు పోతున్నాయో, ఏవి తిరిగి వస్తున్నాయో పట్టుకుని నోట్‌బుక్ నింపింది. తర్వాత ఇక్కడికొచ్చి రాయడం మొదలుపెట్టింది. అవతలి దాన్ని పలకరించడం నేర్పడానికే తొమ్మిది రోజులు పట్టింది. ఆ తర్వాత ప్రశ్న పంపడం, అంకెను అంకెగా, పేరును పేరుగా, తేదీని తేదీగా ఇటు తేవడం. విజయేందర్ రోజూ వచ్చి తొంగి చూసి, "మొండోడు రాజుకన్న బలవంతుడంటరు. నా నసీబుకు మొండిదే దొరికింది," అని సణుక్కుంటూ పోయేవాడు.

ఏడో వారం డ్రైవర్ మాట్లాడింది. మనిషికొకటి చొప్పున నలభై ఒక్క వేల వరుసలు గడగడా వచ్చేశాయి. మేమంతా మిర్చి బజ్జీలు తెప్పించుకున్నాం. ప్రవళిక బజ్జీ ముట్టకుండా తల్లి పేరు కొట్టింది.

లేదు. ఇంటిపేరుతో వెతికింది, మిల్లు టోకెన్ నంబరుతో వెతికింది. సారక్క ఎక్కడా లేదు.

"ఏటేటా ఊదిన అన్నది గద కోమలా? మా అవ్వ అబద్ధం ఆడదే," అంది. టోకెన్ నంబరు ఇంకోసారి కొట్టింది.

తప్పు సారక్కది కాదు, మాదే. క్యాలెండర్‌లో లేని తేదీ ఏదైనా కనబడితే అది పాడైపోయిన వరుస అనుకుని దాటేయమని డ్రైవర్‌లో నాలుగో వారమే రాసుకుంది ప్రవళిక. అందులో తప్పు లేదని ఒప్పుకున్నది నేను. అలా దాటేసినవి మూడు వేల పైచిలుకు వరుసలు. వాటిని బయటికి తీసి చూస్తే అన్నిట్లోనూ పుట్టిన తేదీ ఒక్కటే, ఫిబ్రవరి ముప్పై. సంవత్సరాలు మాత్రం వేరు. సారక్క కూడా వాళ్లలోనే ఉంది, 1964 ఫిబ్రవరి ముప్పై అని. సిగ్గుతో నేను తల ఎత్తలేకపోయాను.

"గింత పరేషాన్ ఎందుకు? అన్నిటికి జనవరి ఒకటి పెట్టు, అయిపాయె. అందరు గదే చేస్తరు," అన్నాడు విజయేందర్.

బోర్డు ముందు సారక్క హాజరు కావడానికి పది రోజులుంది. ప్రవళిక బ్యాగు తగిలించుకుని, నన్నూ లేవదీసి బస్టాండుకు నడిపించింది. రెండు బస్సులు మారి ఖానాపూర్ చేరాం. ఆసుపత్రిలో కాంపౌండర్‌గా ఉండి ఆ వరుసలన్నీ కొట్టిన సదానందం, రిటైరయ్యాక అక్కడే పసుపు పండించుకుంటున్నాడు. మేం వెళ్లేసరికి వాకిట్లో ఎండుతున్న కొమ్ములు తిరగేస్తున్నాడు.

ఫిబ్రవరి ముప్పై అనగానే ఆయన చేతులు ఆగిపోయాయి.

"పుట్టిన తారీఖు అడిగితే గా ఆడోళ్లు ఏం చెప్తరు బిడ్డా? పత్తి ఏరే దినాలల్ల పుట్టిన అనేటోళ్లు. ఏడాది సుత అందాదనే. కంప్యూటరేమో తారీఖు కొట్టకుంటే ముందుకు పోనియ్యకపోతుండె. జనవరి ఒకటి కొడితే గదే నిజమనుకుంటరు. ఫిబ్రవరి ముప్పై ఏ క్యాలెండర్ల లేదు. సూసినోడు జర ఆగి, ఇదేందని అడుగుతడు అనుకున్న. ఇరువై ఏండ్లాయె. నువ్వొక్కదానివే అడిగినవ్."

"ముందు నేను సుత అడుగలే సార్. తీసి పారేసిన."

"మల్ల వచ్చినవ్ గదా," అని ఆయన మళ్లీ పసుపు కొమ్ముల మీదికి వంగాడు.

తిరిగొచ్చి రెండు రోజుల్లో ఆ భాగం మార్చింది. ఇప్పుడు ఆమె డ్రైవర్ ఫిబ్రవరి ముప్పైని చూస్తే వరుసను పారేయదు. తేదీ తెలియదని చెప్పి, మిగతాదంతా ఉన్నదున్నట్టు ఇస్తుంది. కానీ మా కొత్త సాఫ్ట్‌వేర్‌లోని ఫారం తేదీ లేనిదే ఒప్పుకోదు. విజయేందర్ మళ్లీ జనవరి ఒకటి అన్నాడు. ఈసారి కుర్చీ చప్పుడుకు కింద షాపులో వాళ్లు కూడా పైకి చూసి ఉంటారు.

"పెట్టను సార్. మా అవ్వ ఆధార్‌ల జూలై ఒకటి ఉన్నది. అది సుత కార్డు తీసినోడు ఏసిందే. గిక్కడ మనం జనవరి ఒకటి ఏస్తే, గీ సారక్క గా సారక్క కాదంటరు. టోకెన్ నంబర్ ఉన్నది, పేరున్నది, గవి సాలు. నడుమ నిలవడ్డోడు ఇటు మాట అటు చెప్పాలె గని సొంత మాట కలుపొద్దు. నా డ్రైవర్ కలుపది."

"ఉద్యోగం ఫికర్ లేదా నీకు?"

"ఉన్నది సార్. గయినా కలుప."

నా నోరు కూడా ఊరుకోలేదు. ఒకసారి తప్పుకు తలూపి మూడు వేల మందిని మాయం చేసిన దాన్ని. "జనవరి ఒకటి కనవడితే నేను పాస్ చెయ్య సార్," అన్నాను. విజయేందర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పక్క సందు దొరకలేదు. ఫారం మార్చాడు, అదీ తన చేత్తోనే.

బోర్డు ముందుకు సారక్క, ప్రవళిక, నేను ముగ్గురం కలిసే పోయాం. సారక్క చేతిలో పంతొమ్మిదేళ్ల పరీక్షలున్నాయి. ఏడాది వెంట ఏడాది అంకె దిగిపోతూ వచ్చింది. బల్ల అవతలి అధికారి పైన ఒక్క గడి చూసి కాగితాలు పక్కకు జరిపాడు.

"గిదేందమ్మా, పుట్టిన తేదీ తెలియదని ఉన్నది? గిట్లయితే ఎట్ల?"

సారక్క రెండుసార్లు ఊపిరి తీసుకుంది. జవాబు నేను చెబుదామని నోరు తెరిస్తే ప్రవళిక నా మోచెయ్యి నొక్కింది.

"తెల్వది సారూ," అంది సారక్క. "తారీఖు లేకుంటనే పుట్టిన. దమ్ము మాత్రం తారీఖు తారీఖుకు పోయింది. అండ్ల రాసి ఉన్నది, సదువుండ్రి."

ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటి కాగితం తీశాడు. చివరి కాగితం దాకా చదివితే గానీ కదిలేది లేదన్నట్టు, నా పక్కన ప్రవళిక కుర్చీ కాళ్లు గచ్చు మీద గీసుకున్నాయి.