మగ్గం మీద పడుగు

నిరుడు వానలు తగ్గుముఖం పట్టాక వరంగల్ కొత్తవాడలో ఒక ఇంటికి కొటేషన్ ఇచ్చాను. పాత పెంకుటిల్లు తీసేసి కింద దుకాణం, పైన ఇల్లు కట్టాలి. యజమాని శ్రీనివాస్ జంపఖానాల వ్యాపారి. సివిల్ ఇంజనీరుగా నేను సొంతంగా పనులు పట్టడం మొదలుపెట్టాక దొరకబోయే మొదటి పెద్ద పని అదే. మా ఐలయ్య మేస్త్రీ జట్టు అప్పటికే ఖాళీగా ఉంది. ఇది చేజారితే వాళ్లు హైదరాబాద్ వెళ్లిపోతారు. వాళ్లు పోతే నేను మళ్లీ ఎవరి ఆఫీసులోనో కూర్చుని డ్రాయింగులు గీసుకోవాలి.

కొటేషన్ ఇచ్చాక పార్టీని పలకరిస్తూ ఉండటాన్ని మేము ఫాలో-అప్ అంటాం. చెప్పడానికి తేలికే. రోజూ చేస్తే విసుక్కుంటారు, మానేస్తే మరిచిపోతారు. శ్రీనివాస్ మొదట్లో, "ఇంట్ల అడిగి చెప్త మేడం" అని మర్యాదగానే మాట్లాడాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. వాట్సాప్‌లో నా మెసేజ్ పక్కన నీలం టిక్కులు పడేవి, జవాబు మాత్రం రాదు. ఆ టిక్కులు చూస్తే ఒళ్లు మండేది.

రేటు ఎక్కువైందేమో అనుకున్నాను. మేమంతా ముందు అదే అనుకుంటాం. తగ్గిస్తానని కబురు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. వేరే కాంట్రాక్టర్‌కి ఇచ్చేశాడేమోనని ఆరా తీస్తే, అతనూ నాలాగే ఎదురుచూస్తున్నాడట.

ఒక పొద్దున ఐలయ్య ఫోన్ చేశాడు. "మేడం, జర ఏదో ఒకటి చెప్పుండ్రి. మావోళ్లు ఇగ ఆగుతలేరు. హైదరాబాద్‌ల పని దొరికింది, ఇంకో గంటల బస్సెక్కుతున్నం."

"ఇంకొక్క రోజు ఆగు ఐలయ్యా."

"ఇదే మాట మొన్న గూడ అన్నరు మేడం."

స్కూటీ తీసి నేరుగా కొత్తవాడ వెళ్లాను. శ్రీనివాస్ ఇంట్లో లేడు. ముందు గదిలో అతని తల్లి లచ్చమ్మ మగ్గం మీద జంపఖానా నేస్తోంది. నన్ను చూసి కూర్చోమంది గానీ చెయ్యి ఆపలేదు. రేటు మాట నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాను.

"ఏమైందమ్మా? మా వల్ల ఏమన్నా తప్పయిందా?"

ఆమె నేత ఆపకుండానే చెప్పింది. "పని షురూ జేసే ముంగట ఇల్లంత ఖాళీ జేసియ్యాల్నని రాసినవట గదా బిడ్డా. మగ్గం మీద పడుగున్నది."

పడుగంటే మగ్గానికి పొడుగునా బిగించిన నూలు.

"సగం నేసిన పడుగు కోసి మగ్గం లేపద్దు. మా అత్త లేపలే, నేను లేపలే. గీ మాట చెప్తే ఇంజనీర్లు నవ్వుతరని నా కొడుకు మీ ఫోన్ ఎత్తుతలేడు."

స్థలం ఖాళీ చేసి అప్పగించాలన్న షరతు ప్రతి కొటేషన్ చివరా ఉంటుంది. అవతలి కాంట్రాక్టర్ కూడా రాసే ఉంటాడు. నాకు నవ్వు రాలేదు. లేచి ఇల్లంతా తిరిగి చూశాను. వెనక గదులు విడిగా కట్టినవి. వాటిని కూల్చి పిల్లర్లు లేపినా ముందు గది గోడకు చెయ్యి తగలదు.

"వెనక నుంచి మొదలుపెడతాం అమ్మా. దుమ్ము రాకుండా అడ్డం పరదా కట్టిస్తా. పడుగు అయినంకనే ఈ గది."

"అయిందని ఎవరు చెప్పాలె?"

"మీరే చెప్పాలె."

ఆమె అప్పుడు చెయ్యి ఆపింది. కొడుక్కి ఫోన్ చేసి, "ఇంటికి రా. పని గీ బిడ్డకే ఇస్తున్నం" అంది.

వాకిట్లోకి వచ్చి ఐలయ్యకు ఫోన్ కలిపాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఎత్తాడు, వెనక బస్సు హోరు.

"ఎక్కడున్నరు?"

"మడికొండ కాడికి వచ్చినం మేడం, ఊరు దాటుతున్నం."

"అక్కడే దిగుండ్రి."

"డ్రైవరన్నా, జర ఆపే" అన్న ఐలయ్య గొంతు వినగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పటి నుంచి ఫాలో-అప్‌లో రేటు సంగతి నేను ముందు ఎత్తను. మీ ఇంట్లో ఏది ఆగకూడదో చెప్పండి అని అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు. చాలామంది చెబుతారు.

వెనక స్లాబ్ పడ్డాక ఒకరోజు లచ్చమ్మే ఫోన్ చేసింది. ఆ ఇంటి నుంచి వాళ్లంతట వాళ్లు నాకు చేసిన మొదటి ఫోన్ అది.

"పడుగు అయింది బిడ్డా. ఇగ కూలగొట్టుండ్రి."