బల్ల కొసన జీడిపండు

చెవిమీద పెన్సిలు లేకుండా సన్యాసాచారి గారిని నర్సీపట్నంలో ఎవరూ చూచి ఎరుగరు. చెక్కను అరచేత నిమరనిదే ఆ వడ్రంగి ఉలి పట్టరు. ఆరువందల ఏళ్ళనాటి ఇంగ్లీషు పల్లె చర్చి ఫొటో ఒకటి ఇచ్చి, అందులోని బల్లల కొసలనున్న పువ్వునే తమ చర్చి బల్లలకూ చెక్కమన్నారు ఫాదరు గారు. ఎన్నడూ చూడని పువ్వుకు ఉలి సాగక, ఆచారి గారు మొదటి బల్లకు జీడిపండు చెక్కి, పన్నెండు బల్లల పనీ చేజారుతుందేమోనని బెదురుతూ నిలుచున్నారు.

బల్ల చూడవచ్చిన ఫాదరు గారు నోరు విప్పకమునుపే, ఆయన వెంట వచ్చిన జీడితోట లోవమ్మ ఆ పండును తడిమి, “బాగుంది గానండీ ఆచారిగారూ, గింజ పైకెట్టీసేరేటండీ? మా తోటలో కిందికే యేలాడతాది!” అంది.

ఫాదరు గారు ఫక్కున నవ్వి, “మిగతా పదకొండింటికీ కిందికే చెక్కండి” అన్నారు.

ఆచారి గారు చెవిమీది పెన్సిలు తీసి, ఆ ఫొటోను వెనక్కు తిప్పి, తెల్లని వైపున జీడిపండు గీయసాగారు.