పలుకులకు చిలకలు

మొన్న మా మునిమనవడు బోర్లా పడ్డాడు. వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్న నాకు ఆ సంగతి తెలిసేసరికే నెల్లూరులోనూ బయటా ఉన్న చుట్టాలందరికీ తెలిసిపోయింది. మా మనవరాలు ఫోనులో తీసి అందరికీ పంపేసిందట. వాడు నవ్విన రోజు, మెడ నిలిపిన రోజు అన్నీ తేదీలతో సహా అందులోనే రాసి పెట్టుకుంటోంది. మీ కాలంలో ఇవన్నీ ఎట్లా గుర్తుపెట్టుకునేవాళ్ళని అడిగితే, తిండితో గుర్తుపెట్టుకునేవాళ్ళమమ్మా అన్నాను. అది నవ్వి ఊరుకుంది. నా ఈడు వాళ్ళకైతే ఆ ఒక్క మాటా చాలు. బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులకు అరిసెలు, పలుకులకు చిలకలు. ఈ వరస మనలో ఎవరు మర్చిపోగలరు? అయితే ఆ చివరిది, చిలకల సంగతి, మా ఇంట్లో అంత తేలిగ్గా జరగలేదు. అది చెప్పాలనే ఇప్పుడు కలం పట్టాను.

మాది పులికాటు సరస్సుకూ సముద్రానికీ నడుమ ఇసుక మీద నిలిచిన ఊరు. ఎనభై గడప ఉండేదేమో, అన్నీ పూరిళ్ళే. నాయన పడవ మీద సరస్సులోకి వేటకు పోయేవాడు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని పైఊళ్ళు తిరిగి అమ్ముకొచ్చేది. ఇంట్లో పెత్తనమంతా మా అవ్వది, అంటే నాయనను కన్నతల్లిది. నాకు అయిదేళ్ళు నిండాక తమ్ముడు పుట్టాడు. నా తర్వాత ఇద్దరు పుట్టి దక్కలేదు గనక వాడు దక్కితే చాలునని ఇంటిల్లిపాదీ వాణ్ణి కళ్ళల్లో పెట్టుకుని చూసుకున్నాం.

అవ్వకు ఈ బోర్లా పడటాలూ గడప దాటటాలూ అంటే పండగలతో సమానం. అయితే చేపలు అమ్ముకుని బతికే ఇంట్లో బొబ్బట్లకు పప్పూ బెల్లం ఎక్కడినుంచి వస్తాయి? తమ్ముడు బోర్లా పడిన రోజు అవ్వ అలసందలు ఉడకబెట్టి, ఉప్పూ మిరపకాయా వేసి తాలింపు పెట్టి ఊరంతా పంచింది. అలసందలకు ఇంకో పేరు బొబ్బర్లు కదా, పేరులో బొ ఉంటే చాలునని ఆమె వాదన. గడప దాటిన రోజు వాడు బోరగిలా ఇసుకలో పడి నోటినిండా ఇసుక కుక్కుకున్నాడు. వేలుపెట్టి ఇసుక తీస్తూనే అవ్వ మినపప్పు నానబోయమని అమ్మకు పురమాయించింది. నడక మాత్రం వినాయక చవితికి వచ్చింది. బంకమట్టితో చేసిన బొమ్మను నేను పీట మీద పెట్టుకుని తెస్తుంటే, ఇంటి నడిమి గుంజ, ఆ నిట్రాట పట్టుకుని నిలబడి ఉన్నవాడు దాన్ని వదిలేసి, ఆ బొమ్మ కోసం నాలుగడుగులు వేశాడు. అందరం ఒక్కసారిగా చేతులు చాచాం. వాడు మా ఎవరి దగ్గరికీ రాకుండా పీట మీద చెయ్యి వేసి వినాయకుడి తొండం విరిచేశాడు. అవ్వ అపచారమని లెంపలేసుకుంటూనే అరిసెలకు బియ్యం నానబోసింది.

ఇక మిగిలింది పలుకు. నాయన సూళ్ళూరుపేట సంతకు పోయినప్పుడు చక్కెర చిలకలు తెచ్చాడు, ఎర్రవీ పచ్చవీ తెల్లవీ. అవ్వ వాటిని జాడీలో పోసి, గుడ్డ కట్టి, ఉట్టి మీద పెట్టింది. వాడు అమ్మా అన్న రోజున దించాలి, అంతవరకూ ఎవరూ చెయ్యి పెట్టగూడదు. ఏడేళ్ళ పిల్లను, నాకు ఆ ఉట్టి తప్ప ఇంట్లో ఇంకేమీ కనిపించేది కాదు. ఒకనాడు ఎవరూ లేనప్పుడు రోలు మీదికెక్కి ఒక చిలకను తీసి తిన్నాను. నాలుగు రోజులకు ఇంకోటి. మొదటి జాడీ సగమయ్యాక చీమలు పట్టాయనుకుని అవ్వ తక్కినవి పారబోసి మళ్ళీ కొత్తవి తెప్పించింది. నేను వాటినీ వదలలేదు.

తమ్ముడికి రెండేళ్ళు నిండాయి, మూడో ఏడూ గడిచిపోతోంది. వాడు నోరు విప్పలేదు. ఏడుపూ నవ్వూ ఉన్నాయి, ఆకలైతే కుండ దగ్గరికి చెయ్యి పట్టి లాక్కుపోయేవాడు గానీ మాట లేదు. మగపిల్లలకు మాట ఆలస్యమని కొందరన్నారు. అవ్వ వస అరగదీసి రోజూ నాలుక మీద రాసేది. గంగమ్మకు అమ్మ ముడుపు కట్టింది. ఉగాదికి పచ్చడి మొదటి ముద్ద వాడికే పెట్టారు. ప్రతి పండక్కీ అవ్వ జాడీ వైపు ఒకసారి చూసేది. ఆ చూపు నాకు గుండెలో గుచ్చుకునేది. వాడి పలుకుల కోసం దాచిన చిలకలను నేను తినేశాను గనకనే వాడికి పలుకు రావటం లేదని నా మనసులో నాటుకుపోయింది. తినటం మానేశాను. అయినా వాడు మాట్లాడలేదు.

ఆ ఏటి దీపావళి మర్నాడు పొద్దున, దోసెలూ కోడికూరా తిని పెద్దవాళ్ళు కాళ్ళు చాచుకుని కూర్చుంటే, పిలకాయలం మిగిలిన టపాకాయలు ఏరుకొచ్చి కాలుస్తున్నాం. ఎవరో ఒక తాటాకు టపాకాయను పగిలిన కుండ కింద పెట్టి అంటించారు. అది పేలినప్పుడు పడవల మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి, చంకలోని పసిపిల్లలు కెవ్వుమన్నారు. తమ్ముడు మాకు వీపు పెట్టి, నాలుగు బారల దూరంలో, ఇసుకలో గవ్వలు గుచ్చుకుంటూ కూర్చుని ఉన్నాడు. వాడు తల కూడా తిప్పలేదు.

అమ్మ వాకిట్లో నిలబడి అది చూసింది. లోపలికి పోయి ఇత్తడి తాంబాళం తెచ్చి వాడి వెనక రాతి మీద పడేసింది. వాడు ఇంకో గవ్వ గుచ్చాడు. మళ్ళీ ఎత్తి మళ్ళీ పడేసింది. అట్లా ఎన్నిసార్లు వేసిందో నేను చెప్పలేను. చివరికి నాయన వచ్చి ఆ తాంబాళాన్ని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. ఆ పూట ఊళ్ళో ఇంకెవరూ టపాకాయ కాల్చలేదు.

వారం తిరక్కుండానే అమ్మా నాయనా వాణ్ణి తీసుకుని మద్రాసు పోయారు. ఆ రోజుల్లో సవక కట్టెలు, అదే సరుగుడు కట్టెలు, వేసుకుని కాలువ వెంట మద్రాసుకు పోయే పడవలు ఉండేవి, ఆ కట్టెల మీదే కూర్చుని పోయారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా అవ్వ పొయ్యి రాజేసేది గానీ ఆమె తిన్నది నేను చూడలేదు. వచ్చాక నాయన గడప మీద కూర్చుని చెప్పాడు. బిడ్డకు పుట్టుకతోనే చెవులు లేవన్నారు, వినపడదు గనక మాట రాదన్నారు, ఇట్లాంటి పిల్లలకు అక్కడ ఒక బడి ఉంది, ఆరేడేళ్ళు అక్కడే వదిలిపెట్టాలన్నారు.

నేను వలలు ఆరేసే గుంజల చాటుకు పోయి ఏడుస్తూ కూర్చుంటే అవ్వ వెతుక్కుంటూ వచ్చింది. నాకు ఇంక ఆగలేదు. జాడీలోంచి చిలకలు తిన్నది నేనేనని, అందుకే తమ్ముడికి ఇట్లా అయిందని చెప్పేశాను. దెబ్బలు పడతాయనుకున్నాను. అవ్వ నా పక్కన ఇసుకలో చతికిలబడింది.

"ఎన్ని తిన్నావు మే?"

"లెక్క తెలీదవ్వా."

"చీమలని నేను జాడీ కింద పసుపు పోస్తా ఉంటినే," అంది. ఆ వెంటనే కొంగు తీసి నా ముక్కు తుడిచింది. "తింటే తిన్నావులే. చిలక తింటే మాట పోద్దంటే ఈ ఊళ్ళో అందరం మూగోళ్ళమే. వాడు అట్నే పుట్టినాడు. నువ్వు చేసింది కాదు, మీయమ్మ చేసింది కాదు. ఇంకెప్పుడూ ఆ మాట అనుకోవాకు."

ఏడాదిగా నా గుండె మీదున్న బండ ఆ పూట దిగింది. కానీ ఇంటి మీది బండ దిగలేదు. బడిలో వదలాలా వద్దా అని నాయన ఒకటే ఆలోచన. తన తర్వాత వాడెట్లా బతుకుతాడని ఆయన భయం. ఎవరి పేరూ పిలవలేని బిడ్డ, రాత్రి భయపడితే ఎవరిని పిలుస్తాడని అమ్మ భయం. ఇద్దరిదీ న్యాయమే.

అట్లా ఉండగా కార్తీకం చివర్లో ఒక పొద్దున తమ్ముడు సరస్సు వైపునుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చి అవ్వ ముందు ఒంటికాలి మీద నిలబడ్డాడు. మెడ చాచి, తల వంచి, చేతిని ముక్కులా చేసి నేలమీద పొడిచాడు. పడిపోయాడు, లేచి మళ్ళీ ఒంటికాలి మీద నిలబడ్డాడు. నాకేమీ అర్థం కాలేదు. అవ్వ మాత్రం చేస్తున్న పని వదిలేసి వాడి వెంట నడిచింది, వాళ్ళ వెనక నేను. గట్టు దాటేసరికి, నిన్నటిదాకా ఖాళీగా ఉన్న నీళ్ళ నిండా, చలికాలానికి ఎక్కడినుంచో వచ్చే ఆ పొడవు కాళ్ళ గులాబీ రంగు పక్షులు. ఆ యేటికి అవి వచ్చిన సంగతి అప్పటికి ఊళ్ళో ఎవరికీ తెలియదు. తమ్ముడు వాటిని చూపించి, మళ్ళీ ఒంటికాలి మీద నిలబడి, అవ్వ మొహంలోకి చూశాడు. అవ్వ తన మోకాళ్ళ నొప్పులతోనే, నా భుజం ఆసరా చేసుకుని, ఒక కాలు ఎత్తింది. వాడి మొహం విచ్చుకున్న తీరు ఇప్పటికీ నా కళ్ళముందుంది.

ఇంటికి రాగానే అవ్వ ఉట్టి మీంచి జాడీ దించమని నాయనతో చెప్పింది. ఆయన తెల్లబోయి చూశాడు.

"వాడు చెప్పినాడురా," అంది అవ్వ. "పక్షులొచ్చినాయని చెప్పినాడు. నాకు అర్థమైంది. మాటంటే ఇంకేంది?"

తమ్ముణ్ణి చంకనెత్తుకుని, జాడీ నా చేతికిచ్చి, ఇల్లిల్లూ తిప్పింది. మా మనవడికి పలుకొచ్చిందమ్మా, తీసుకోండి అని ప్రతి గడపలోనూ చెప్పింది. కొందరు ఆమెకు మతి చెడిందేమోనన్నట్టు చూశారు, ఒకరిద్దరు మొహం తిప్పుకుని నవ్వారు. ఆమె మాత్రం, వాడెట్లా చెప్పాడో వాళ్ళకు చూపించందే చిలక ఇవ్వలేదు. సాయంత్రానికి పిలకాయలంతా వీధిలో ఒంటికాలి మీద గెంతుతున్నారు, వాళ్ళ మధ్యలో తమ్ముడు. అమ్మ వాకిట్లో నిలబడి ఆ ఆట చూస్తూ చాలా రోజుల తర్వాత నవ్వింది. నాయన మళ్ళీ మద్రాసు బడి మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ఒక్కొక్క మాటే పుట్టింది. ముక్కుపుడక చోట వేలు పెడితే అవ్వ, నెత్తిన అరచెయ్యి పెడితే గంప మోసే అమ్మ, పడవను తోసే గడ వేసినట్టు చేస్తే నాయన, జడ లాగినట్టు చేస్తే నేను. వేలు వంచితే రొయ్య. రెండు పిడికిళ్ళు తెరిస్తే దీపావళి, ఎందుకంటే వాడికి టపాకాయ అంటే వెలుగే. అయిదారేళ్ళలో ఎనభై గడపకూ ఆ మాటలు వచ్చేశాయి. వేటలో ఒక పడవ మీదినుంచి ఇంకో పడవకు కేక అందనప్పుడు పెద్దవాళ్ళు కూడా వాడి మాటలే వాడుకునేవాళ్ళు. వాడు నాయనతోపాటే గడ పట్టాడు, పడవలు బాగుచేసే పని నేర్చాడు, పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని పెంచాడు. అక్షరం మాత్రం రాలేదు. ఆ బడిలో వదిలి ఉంటే చదువు వచ్చేదేమో, మేమే ప్రేమకొద్దీ వాడికి ఒక దారి మూసేశామేమోనని అప్పుడప్పుడూ నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు పుట్టిన రెండోనాడే ఆసుపత్రిలో చెవికి చిన్న పరికరం పెట్టి వినికిడి చూసేస్తున్నారు. లోపముంటే మిషన్లున్నాయి, ఆపరేషన్లున్నాయి. అవి మా రోజుల్లోనే ఉంటే ఎంత బాగుండేదో అనుకోని రోజు లేదు. మా ఊళ్ళో పాతవాళ్ళు పోయారు, పిల్లలు పనుల కోసం తలా ఒక వైపు వెళ్ళిపోయారు. తమ్ముడి భార్య కూడా పోయింది. వాడి పిల్లలకు ఆ మాటలు కొన్ని తెలుసు గానీ, మా పసితనం తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం. నెలకొకసారి వాడు బస్సెక్కి నెల్లూరు వస్తాడు. వరండాలో ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని, అవ్వనూ అమ్మనూ నాయననూ వేళ్ళ కొసల మీదికి పిలుచుకుంటాం. మధ్యలో మనవరాలు కాఫీ తెచ్చిపెట్టి, ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండా ఎంతసేపు కూర్చుంటారో పాపం అనుకుంటూ లోపలికి పోతుంది.