నడుములో పుట్టి గజ్జల్లో తేలింది

డెబ్బైల చివర్లో నేను వరంగల్‌లోని ఒక పెద్ద దవాఖానలో నర్సు ట్రైనింగు చేశాను. మాది మడికొండ. నాయిన కూలికి పోయేవాడు, ఆదివారాలు చర్చిలో గంట కొట్టేవాడు. మా ఇంటిలో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. నర్సునవుతానంటే మా వాడకట్టంతా సంబరపడింది.

మాకు పాఠాలు చెప్పడం, డ్యూటీలు వేయడం, హాస్టలు చూసుకోవడం అన్నీ ఒక్క ట్యూటర్ సిస్టరే. కోస్తా వైపు నుంచి వచ్చినావిడ. పనిలో ఆవిడకు వంక పెట్టలేం. ఆవిడ పరిచిన పక్క మీద ముడత అనేది కనిపించేది కాదు. మా మాట మాత్రం ఆవిడకు గిట్టేది కాదు. నేను "వస్తాన్న సిస్టర్" అంటే, "వస్తున్నాను అనలేవూ? నోరు తిరగదా?" అని అందరి ముందూ మళ్ళీ మళ్ళీ పలికించేది. నేను పలికేదాన్ని. పలుకుతూ ఆవిడ మొహంలోకి సూటిగా చూసేదాన్ని. దానితో ఆవిడకు ఇంకా మండేది. చేరిన కొత్తలోనే మా ఇద్దరికీ చెడింది.

రెండో ఏడు నాకు నడుము పట్టేసింది. మొదట పనివల్ల అనుకున్నాను. పక్కలు పరచడానికి వంగబోతే వెన్ను కర్రలాగా బిగుసుకునేది. కొన్నాళ్ళకు కుడికాలు కూడా మొరాయించింది. వెల్లకిలా పడుకుంటే ఆ మోకాలు దానంతటదే పైకి లేచేది. బలవంతంగా చాపితే కడుపు లోపల, వెన్నుకు ఆనుకుని ఏదో తెగిపోతున్నట్టు నొప్పి. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. తొడ పైభాగం తిమ్మిరెక్కి, బట్ట తగిలినా మంటగా ఉండేది.

ఒకరోజు వార్డులో థర్మామీటరు చేయి జారింది. వంగలేక, మంచం కోడు పట్టుకుని వెన్ను నిటారుగానే ఉంచి గొంతుక్కూర్చుని దాన్ని తీశాను. ట్యూటర్ సిస్టర్ గుమ్మంలోనే ఉంది.

"మహారాణీగారికి నడుం వంగదు కాబోలు" అంది.

"నొస్తాంది సిస్టర్."

"డ్యూటీ అనగానే నొప్పి, సినిమా అనగానే పరుగు. నిటారుగా నడు."

నేను నడిచాను. కాలు ఈడ్చుకుంటూనే నడిచాను. వెనక పేషెంట్ల దగ్గరున్న ఆడవాళ్ళు నవ్వడం వినిపించింది.

మాకు అనాటమీ చెప్పడానికి కాలేజీ నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చేవాడు. ఆ వారం పాఠం కడుపు వెనక గోడ. పేగులన్నీ తీసేసిన బొమ్మ ఉన్న పటం గోడకు తగిలించాడు. నడుమ వెన్నెముక. దానికి చెరో పక్కన లావుపాటి కండరం, నడుము పూసల దగ్గర పుట్టి, కిందికి దిగి, గజ్జల కింద నుంచి జారి తొడ ఎముకకు అతుక్కుని ఉంది.

"దీన్ని సోయాస్ అంటారు. మీరు మెట్టెక్కేటప్పుడు తొడను పైకి లేపేది ఇదే. ఈ కండరం లోంచీ పక్కలనుంచీ నరాలు బయటికొచ్చి గజ్జలకు, తొడలకు పోతాయి" అంటూ ఒక్కొక్క నరం వెంబడి బెత్తం జరుపుతూ పోయాడు. ఒక నరం తుంటి ఎముక పక్కనుంచి దిగి తొడ పైభాగంలో, సరిగ్గా నాకు తిమ్మిరెక్కే చోట ఆగింది. నా చెయ్యి దానంతటదే అక్కడికి పోయింది.

లేచి అడిగాను. "సార్, ఈ కండరానికి ఏమన్న అయితే కాలు చాపరాదా?"

"మంచి ప్రశ్న. ఇది వాచినా, దీని పొరలోకి చీము దిగినా కాలు ముడుచుకునే ఉంటుంది. చాపితే ప్రాణం పోయినట్టుంటుంది."

వెనక బెంచీ దగ్గర నుంచి ట్యూటర్ సిస్టర్ గొంతు వినిపించింది. "చూశారా డాక్టర్‌గారూ, మా పిల్లలకి ఏ పాఠం చెబితే ఆ రోగం వచ్చేస్తుంది. గుండె పాఠం అప్పుడే మొదలెట్టకండి." క్లాసంతా నవ్వింది. డాక్టరు కూడా నవ్వాడు. నేను కూర్చున్నాను. చేతిలో పెన్సిలు విరిగింది.

తర్వాత కొద్ది రోజులకు స్నానం చేస్తుంటే కుడి గజ్జలో మెత్తటి వాపు చేతికి తగిలింది. ఎర్రదనం లేదు, వేడి లేదు. నా గదిలోని పిల్లకు చూపించాను. అది భయపడిపోయి ట్యూటర్ సిస్టర్‌కు చెప్పేసింది. ఆవిడ నన్ను తన గదికి పిలిచి తలుపేసింది. వాపు చూసింది. ముట్టుకోలేదు.

"ఎవడు వాడు?" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. ఎవడితోనో తిరిగి రోగం అంటించుకున్నానని ఆవిడ అంటోందని తెలిసేలోపే తలుపు తీసి పొమ్మంది. మర్నాడు మడికొండకు కబురు వెళ్ళింది.

నాయిన కూలి మానుకుని, ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. నాకు బహుమతి ఏదో వచ్చిందనుకున్నాడట. హాస్టలు వరండాలో, పిల్లలు అటూ ఇటూ తిరుగుతుండగానే ఆవిడ చెప్పింది.

"మీ అమ్మాయికి గజ్జల్లో బిళ్ళ కట్టింది. పెళ్ళికాని పిల్లకి అక్కడ ఎందుకు కడుతుందో తండ్రివి, నీకు నేను చెప్పాలా? తీసుకుపో."

నాయిన భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయాక నన్ను నీళ్ళ నల్లా దగ్గరికి తీసుకుపోయాడు.

"బిడ్డా, నిజం జెప్పు. నువ్వేమన్న తప్పు జేసినవా?"

"లేదు నాయినా."

"యేసయ్య మీద ఒట్టు?"

నన్ను ఎవరైనా చెంప మీద కొట్టినా అంత నొచ్చేది కాదు. "ఒట్టు" అన్నాను.

"అయితే పెద్ద డాక్టర్ ఏడ ఉంటడో జూపియ్యి" అన్నాడు.

సర్జరీ పెద్ద డాక్టరు కోపిష్ఠి. ఓపీలో నా నడక చూశాడు. గజ్జలో వాపు మీద ఒక చెయ్యి, పొత్తికడుపు మీద ఇంకో చెయ్యి పెట్టి నొక్కాడు. పైన నొక్కితే కింద కదిలింది. వెన్ను మీద వేలితో తడుతూ వచ్చి ఒకచోట నొక్కగానే నేను అరిచాను. ఎక్స్‌రే తీయించి, నన్ను వార్డులో చేర్చుకుని, సాయంత్రానికి ఒక గుంపు మెడికల్ స్టూడెంట్లను వెంటేసుకుని వచ్చాడు. ఇంగ్లీషులో గడగడా చెప్పాడు. వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నా కాలు చాపి చూశారు, గజ్జలో నొక్కి చూశారు. వాళ్ళలో చాలామంది నేను కేసు షీటు అందిస్తే పుచ్చుకున్నవాళ్ళే. మరునాడు ఇంకో గుంపు వచ్చింది.

"దుప్పటి తియ్" అన్నాడు పెద్ద డాక్టరు.

నేను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. "తియ్య సార్."

"ఏందీ? ఫ్రీ మంచం మీద పండుకొని సిగ్గు పడ్తవా? వీళ్ళు నేర్చుకోకుంటే రేపు నీ అసొంటోళ్ళను ఎవరు చూస్తరు?"

"నేర్చుకోమనుండ్రి. నాకేం రోగమో నాకు ఒక్కరన్న తెలుగుల జెప్పిండ్రా సార్? హాస్టల్ల నన్ను ఏమంటాండ్రో మీకు ఎర్కనా?"

ఆయన మొహం కందిపోయింది.

"వెన్నుపూసకు టీబీ. చీము సోయాస్ పొరల పడి కిందికి జారి గజ్జల తేలింది. చాలా?" అని అరిచాడు.

"చాలు సార్. గిప్పుడు ఇద్దరిద్దరు రమ్మనుండ్రి."

ఆయన కేసు షీటు మంచం మీదికి విసిరి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మాత్రం స్టూడెంట్లు ఇద్దరేసి వచ్చారు. ముందు నన్ను అడిగి ముట్టుకున్నారు. ఆయన ఒంటరిగా వచ్చి, వాపు మీద కాకుండా పక్కనున్న మంచి చర్మంలోంచి లావుపాటి సూది దించి చీము లాగాడు. చిక్కటి చల్లలా వచ్చింది.

తర్వాత నెలల తరబడి ఒంటికి ప్లాస్టరు కట్టుతో మంచం మీదే ఉన్నాను. నాతోటి పిల్లలే రోజూ ఇంజెక్షన్ పొడిచేవాళ్ళు, బెడ్‌పాన్ పెట్టేవాళ్ళు. ట్యూటర్ సిస్టర్ రౌండుకు వస్తే నా పక్క మంచం చూసేది, ఆవలి మంచం చూసేది. నడుమ నేను లేనట్టే పోయేది. నాయిన ప్రతి ఆదివారం గంట కొట్టాక నడిచి వచ్చేవాడు. గుడ్లు తెచ్చేవాడు. మంచం పక్కన నేల మీద కూర్చుని, నేల వైపే చూస్తూ మాట్లాడేవాడు. నల్లా దగ్గరి మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నయమై తిరిగి చేరబోతే, "టీబీ పేషెంటు ఇంకొకళ్ళకేం సేవ చేస్తుంది? ఇంటికెళ్ళు" అంది ట్యూటర్ సిస్టర్. నేను ఇంటికి పోలేదు. నాయినా నేనూ సూపరింటెండెంటు గది ముందు కూర్చున్నాం. పొమ్మన్నా పోలేదు. చివరికి ఆయన సర్జరీ పెద్ద డాక్టరును పిలిపించి అడిగాడు.

"ఎముక అతుక్కున్నది. చీము లేదు. బరువులు లేపొద్దు, అంతే" అన్నాడు పెద్ద డాక్టరు నావైపు చూడకుండా. "నోరు మాత్రం జర ఎక్కువ."

జూనియర్లతో కలిసి మళ్ళీ చేరాను. ట్యూటర్ సిస్టర్ పిలిచినప్పుడు "వస్తాన్న" అనే అన్నాను. ఆవిడ దిద్దలేదు. పరీక్షలు పాసయ్యేదాకా మా ఇద్దరి మధ్యా పనికి సంబంధించిన మాట తప్ప ఇంకో మాట లేదు.

ఎనభైలు మొదలయ్యాక ఆవిడకు సొంత జిల్లాకు బదిలీ అయింది. అప్పటికి నేను అక్కడే స్టాఫ్ నర్సుని. వీడ్కోలు సభలో దండ వెయ్యమని నన్ను పిలిస్తే వెళ్ళలేదు. సభ అయ్యాక ఆవిడే వరండాలో నన్ను ఆపింది.

"నామీద ఇంకా కోపమేనా? ఆ వయసు పిల్లల్ని అనుమానించకపోతే హాస్టలు నడుస్తుందా? నేను చేసింది నా డ్యూటీ."

"అనుమానించినందుకు గాదు సిస్టర్. మా నాయినకు జెప్పినందుకు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఎలా ఉన్నారు మీ నాన్నగారు?"

"పోయిన వానకాలం చనిపోయిండు."

ఆవిడ ఏదో అనబోయింది. నాకు వినాలనిపించలేదు. వార్డులో డ్రెస్సింగులు మిగిలి ఉన్నాయని చెప్పి, పక్కకు తప్పుకుని వచ్చేశాను.