గ్లోరీ ఎత్తుకున్న పాట

సాలూరు పక్క ఊళ్ళో ఒకప్పటి జర్మనీ దొరలు కట్టించిన లూథరన్ గుడి ఉంది. మందపాటి రాతిగోడలు, సన్నగా పైకి సాగిన కమాను కిటికీలు, టేకు దూలాల మీద ఏటవాలు పెంకుల కప్పు. లోపల పాడితే పాట కప్పుదాకా వెళ్ళి నిదానంగా దిగేది. అక్కడ తొక్కుడు హార్మోనియం వాయించేది గ్లోరీ.

చిన్నప్పుడు ఆమె పాటల బృందంలో చేరబోతే నేర్పే పెద్దాయన విని, "మొగోడి గొంతులాగున్నాదే నీది! ఆ హార్మోనీ పెట్టి కాడ కూకో" అన్నాడు. కూర్చుంది. యాభై దాటినా అక్కడే ఉంది. వారమంతా బళ్ళో ఆయా పని, ఆదివారం వాయింపు. పాటకి పెదాలు కదిపేది, అంతే.

2014లో హుద్‌హుద్ తుఫాను గాలికి ఓ పక్క పెంకులన్నీ లేచిపోయాయి. సరిగ్గా హార్మోనియం మీదే వాన కురిసింది. లోపలి తోలుతిత్తి చిరిగిపోయింది, వేళ్ళతో నొక్కే మెట్లు ఉబ్బి బిగుసుకుపోయాయి. విశాఖ నుంచి వచ్చిన హార్మోనియాల మేస్త్రీ చూసి ఇక బాగుపడదన్నాడు. గ్లోరీ దానిమీద పాత దుప్పటి కప్పి ఇంటికెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం కప్పుకి టార్పాలిన్ కట్టి ఆరాధన జరిపారు. పాట ఎవరికి తోచిన శ్రుతిలో వాళ్ళు ఎత్తుకుని సగంలోనే ఆపేశారు. పాస్టరు కృపానిధి గ్లోరీ వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు ఎత్తుకోండి."

"నానా ఎత్తుకునేది? నా గొంతు సంగతి మీకు తెల్దేటి, అయ్యగారూ?"

"తెల్దు. ఎప్పుడైనా ఇంటే కదా!"

కొంగు సర్దుకుని లేచింది. తనకు అందిన శ్రుతిలో, బాగా కిందనుంచి మొదలుపెట్టింది. ఆడవాళ్ళు కాస్త తడబడ్డారు. ఎన్నడూ నోరు విప్పని వెనక వరస మగవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే అందుకున్నారు. గుడి బయటికొచ్చాక వాళ్ళలో ఒకడైన అప్పలసూరి, "ఒదినా, ఇన్నాళ్ళూ ఆ పైకెత్తు మాకు అందేది కాదు" అన్నాడు.

గ్లోరీ ఇంటికెళ్ళి అన్నం వండుతూ అదే చరణం మళ్ళీ పాడుకుంది.

ఎండాకాలానికి కప్పు వేశారు. మరుసటేడు కీబోర్డు కొన్నారు. దాన్ని పద్మజ అనే కాలేజీ పిల్లకి అప్పగించి, గ్లోరీ తను ముందు నిలబడి అందరిచేతా పాడించేది. పద్మజ శ్రుతి పెంచబోతే, "వొద్దమ్మా, దించు. అందరూ పాడాల" అనేది. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు పోయినా భూస్థాపన పాటలకి ఆమెనే పిలిచేవారు. బస్సెక్కి వెళ్ళొచ్చేది.