చెవులు చూడని లెన్స్

ముందుగా ఫోటోగ్రాఫర్లందరికీ, పితృదేవతలకీ, మణుగూరు చుట్టుపక్కల కాకులన్నిటికీ సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. కింద రాసేది ఒక దొంగతనం గురించి. దొంగను నేనే. సొత్తు, రెండు గారెలు...

మా చిన్నప్పుడు... మణుగూరు బస్టాండు దగ్గర మా మేనమామ యాదగిరికి ఫోటో స్టూడియో ఉండేది. ఆయన ప్రాణమంతా ఒక్క లెన్స్ మీదే. దాని మీదున్న అంకెను బట్టి 'ఎనభై ఐదు' అనేవాడు. పాస్‌పోర్టు ఫోటోలకు దాన్ని ముట్టడు. ఎవరి ముఖమైనా మనసుకు పడితేనే పెట్టెలోంచి తీసేవాడు.

దాంతో తీస్తే కళ్లు సూదిమొనల్లా వచ్చేవి... చెవుల దగ్గరికొచ్చేసరికి అంతా పొగమంచు. వెనక గోడ కరిగిపోయేది. దాన్ని తుడిచే పసుపు గుడ్డను మా అత్త కూడా ముట్టుకోకూడదు.

మా కాలనీకి అడవి ఊరి నుంచి లచ్చమ్మ అడ్డాకులు అమ్మడానికి వచ్చేది. ఒకరోజు మా వాకిట్లో గంప దించి, నన్నే చూస్తూ కూర్చుంది. కొడుకు సూరి ఆ వానాకాలమే జ్వరంతో పోయాడట. నా ఈడువాడే. ఒక్క ఫోటో లేదు.

"వాని మొకం యాది మరుస్తున్న బిడ్డా. నువ్వు అచ్చం వాని లెక్కనే ఉన్నవ్... చెవులు తప్ప."

నా చెవులు చేటలు. వాటితో బియ్యం చెరగొచ్చని మా నాన్న నలుగురిలో అనేవాడు.

లచ్చమ్మ అడిగింది ఒక్కటే. నన్ను ఫోటో తీసి, సూరి అని ఇమ్మని. మా అమ్మ మామ మీద విరుచుకుపడింది.

"బతికున్న పిల్లగానికి దండేస్తరా? బుద్ధుందా తమ్మీ నీకు?"

"ఎనభై ఐదుతోని తీస్త అక్కా. చెవులు రావు. చెవులు రాకపోతే వీడు మనోడే కాదు."

అమ్మ రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు లచ్చమ్మ ఆకులు లేకుండా ఉత్త చేతులతో వచ్చి గేటు దగ్గర నిలబడింది. అమ్మ దువ్వెన తీసుకొని, "మీవాడు పాపిడి ఏ పక్క తీసెటోడు?" అని అడిగింది...

స్టూడియోలో మామ "నవ్వకురా" అన్నాడు. వెనక నుంచి లచ్చమ్మ, "నవ్వనీ అయ్యా. వాడు ఊకెనే నవ్వెటోడు" అంది.

పెద్దలకు పెట్టుకునే పెత్రమాస నాడు ఫ్రేము కట్టించి, మామ నన్ను కూడా బండి ఎక్కించుకొని వాళ్ల ఊరు తీసుకెళ్లాడు. గోడకు తగిలించి, బొట్టు పెట్టి, దండ వేశారు. కింద అడ్డాకు విస్తరిలో గారెలు. పోయినవాళ్లు వచ్చి తినాలని తలుపు మూసి, అందరూ వాకిట్లో కూర్చున్నారు.

నేను పెరటి తలుపు తోసుకొని లోపలికి వెళ్లాను. చీకటిగా ఉంది. గోడ మీద నేనే... దండతో. నన్నే చూస్తూ నవ్వుతున్నాను. ఫోటోలో చెవులు లేవు. అనుమానమొచ్చి నావి తడిమి చూసుకున్నాను. ఉన్నాయి. ఫోటో నాది గనుక గారెలు కూడా న్యాయంగా నావే అని తీర్మానించాను.

తలుపు తీశాక లచ్చమ్మ విస్తరి ముందు కూలబడింది.

"తిన్నడు... నా కొడుకు తిన్నడు."

ఏడుస్తూనే నవ్వింది. మామ నా మూతి చూశాడు. జేబులోంచి పసుపు గుడ్డ తీసి, నా మూతికున్న నూనె తుడిచాడు.

ఆ తర్వాత ప్రతి పెత్రమాసకూ మామ అడక్కుండానే బండి తీసేవాడు. నాకు మీసాలొచ్చాయి. గోడ మీద మాత్రం పదేళ్లే. ఆకలి లేకపోయినా రెండు గారెలు తినేవాణ్ణి... అవతల ఆమె తలుపు దగ్గర చెవి పెట్టి వింటుంటుందని తెలుసు.

ఇంటర్‌కు ఖమ్మం హాస్టల్లో పడ్డాను. మామ ఫోన్ చేశాడు.

"పెత్రమాసకు వస్తున్నవారా?"

"పరీక్షుంది మామా."

తర్వాత ఆయనే చెప్పాడు. తలుపు తీస్తే గారెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయట. ఆమె ఫోటో దగ్గరికెళ్లి, "అలిగినవా నాయనా?" అని అడిగిందట. మరుసటేడు నుంచి విస్తరి వేసింది గానీ, తలుపు మూయలేదట...

ఇప్పుడు మామ స్టూడియో మొబైల్ షాపు అయింది. ఎనభై ఐదు చేసే పని ఫోనే చేస్తోంది. వేలితో నొక్కితే చెవులు మాయం. మా ఇంట్లో పిల్లలు తుమ్మినా నాలుగు ఫోటోలుంటాయి. ఒక్క ఫోటో కూడా మిగల్చకుండా పోయినవాళ్లు మీ ఇళ్లలో ఉన్నారా? వాళ్ల ముఖం ఇంకా గుర్తుందా? కింద రాయండి... చదువుతాను.

పైన చెప్పిన క్షమాపణ ఉత్తిదే. గారెలు తిన్నందుకు నాకే బాధా లేదు.

మామ ఫోన్ చేసిన ఆ పెత్రమాసకు నాకు పరీక్ష లేదు. సినిమాకు పోయాను.