అక్క వేసిన నాలుగు బొమ్మలు

మొన్న మా వీధిలో అమ్మాయి ఒకతె, ఇంజనీరింగు చదివి అది మనసుకు పట్టక చిత్రకళలో పీజీ చెయ్యాలనుకుంటున్నదట, దరఖాస్తుతో పంపవలసిన బొమ్మలన్నీ అట్టల మధ్య సర్దుకుని, రిటైరైన డ్రాయింగు లెక్చరర్ని కదా అని నా దగ్గరికి తెచ్చింది. బొమ్మలు బాగానే ఉన్నాయి. అడుగున ఒక కాగితం ఉంది, ఇవన్నీ తన చేత్తో వేసినవేనని ఆ అమ్మాయి సంతకం పెట్టవలసినది. అది చేతికి రాగానే కళ్ళజోడు సరిగా లేదని వంక చెప్పి ఆ పిల్లను పంపించేశాను. ఎందుకు పంపించేశానో నా ఈడువాళ్ళకైతే చెప్పుకోగలననిపిస్తోంది.

అమలాపురంలో బి.ఏ. చదివే రోజుల్లో నాకు బొమ్మల పిచ్చి. దూరాన ఒక విశ్వవిద్యాలయంలో, చిత్రకళలో డిగ్రీ లేనివాళ్ళు కూడా ఇరవై సొంత బొమ్మలు చూపించి పీజీకి అర్హత సంపాదించుకోవచ్చని తెలిసిననాడు నా కాళ్ళు నేలమీద ఆనలేదు. ఏడాదంతా వేస్తే పదహారు తేలాయి, అవీ చాలామట్టుకు క్యాలెండర్లు చూసి వేసిన కొండలూ సూర్యోదయాలూను. గడువు వారంలోకి వచ్చేసింది.

మా అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పదో తరగతితో చదువు మాన్పించి ముక్తేశ్వరంలో ఇంట్లోనే ఉంచేశారు. మధ్యాహ్నం పనులయ్యాక, నా దగ్గర మిగిలిన కాగితాల మీద, నేను పారేసిన బొగ్గు ముక్కలతో కళ్ళెదుట ఉన్నవాళ్ళనే వేసేది: గునపానికి కొబ్బరికాయ గుచ్చి వలిచే కూలీని, గోదావరి దాటించే పంటు కోసం రేవులో కూర్చున్న ఆడవాళ్ళని, చాటలో బియ్యం ఏరుతున్న నాయనమ్మ చేతుల్ని. ఇంట్లో అందరం దాన్ని కాలక్షేపం అనుకున్నాం.

నాలుగు ఇమ్మని నేనే అడిగాను. "తీసుకెళ్ళరా, పెట్లో పెట్టుకుని నేనేం చేస్తాను" అంది. తను చూస్తుండగానే కింద మూల నా పేరు రాసుకున్నాను. ఆ మూలకేసి కాసేపు చూసి, పొయ్యిమీద ఎసరు ఉందంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. నా కొండలను గబగబా తిప్పేసిన పెద్దాయన నాయనమ్మ చేతుల దగ్గర ఆగిపోయి, పక్కవాళ్ళను పిలిచి చూపించి, ఇలాంటి గీత ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు. ఇంట్లోనేనండి అన్నాను. ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే. సీటు ఇచ్చారు, ఆ నాలుగు బొమ్మలూ శాఖలో ఉంచుకుంటామన్నారు.

ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. "నావి చూసి ఏమైనా అన్నారేంట్రా?" అని అడిగింది. నిజం చెబితే నాకేం పోయేదో ఇన్నేళ్ళూ ఆలోచిస్తూనే ఉన్నాను. "పెద్దగా ఏమీ అనలేదక్కా" అన్నాను. "సర్లే" అని నా చేతిలో సంచీ అందుకుంది. తరవాత అక్క చేతిలో బొగ్గుముక్క నేనెన్నడూ చూడలేదు. రాజోలు వైపు పెళ్ళయి వెళ్ళింది, పిల్లల్ని పెంచింది. నేను రెండేళ్ళూ ఆ పెద్దాయన ముందు తలెత్తలేక, ఆ చెయ్యి ఏమైపోయిందయ్యా అని ఆయన అడిగినప్పుడల్లా ఏదో సర్దిచెప్పుకుంటూ, ఎలాగో పట్టా పుచ్చుకుని ఉద్యోగంలో చేరాను. ఆ ఉద్యోగంతోనే ఇల్లు కట్టాను.

కిందటేడు అక్క మంచం పట్టినప్పుడు వెళ్ళి పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. గోడకేసి చూస్తూ, చాలా నెమ్మదిగా, "అప్పుడే చెప్పుంటే ఇంకో నాలుగు వేసుకునేదాన్ని కదరా" అంది. మరో పది రోజులకు పోయింది.

దినకర్మలయ్యాక ఆ విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. పాత భవనం పడగొట్టేశారు, అప్పటి బొమ్మలు ఏమయ్యాయో తెలిసినవాళ్ళు లేరు. ఇవాళ మా ఊళ్ళో ఆడపిల్లలు రంగు ఆరకముందే బొమ్మను ఫోనులో పెట్టి, కింద తమ పేరు రాసుకుంటున్నారు, ఎక్కడెక్కడివాళ్ళో బాగుందంటున్నారు. చూసి సంతోషపడవలసినవాణ్ణే. కానీ బాగుందన్న ఆ ఒక్క మాటా ఆనాడు మా ఇంటి గుమ్మం దాకా వచ్చింది, దాన్ని లోపలికి రానివ్వనివాణ్ణి నేనే.